ట్రక్కు చేపలు మన వాగులకొద్దు

ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున ఎనిమిది గంటలకు పెన్సిల్వేనియాలో ట్రౌట్ చేపల వేట మొదలవుతుంది. ఎనిమిదంటే ఎనిమిదే. ఒక్క నిమిషం ముందు గాలం వేసినా తప్పే. ఆ ఘడియ కోసం జనం తెల్లవారకముందే లేచి, ఫ్లాస్కుల్లో కాఫీ పోసుకుని, నిద్ర కళ్ళ పిల్లల్ని కారెక్కించి వాగుల గట్లు పట్టేస్తారు. వంతెనల కింద, రోడ్డు పక్క మడుగుల దగ్గర భుజాలు రాసుకునేలా నిలబడతారు. టైము కాగానే గాలాలన్నీ ఒక్కసారిగా నీళ్ళలో పడతాయి. తాళ్ళు చిక్కుపడతాయి, కేకలు, నవ్వులు. మనిషికి రోజుకు ఐదు ట్రౌట్‌లు పట్టుకెళ్ళొచ్చు. చాలామందికి ఆ ఐదూ పొద్దెక్కకముందే దొరికిపోతాయి. ఆ జనం మీద నాకు కోపం లేదు. వాళ్ళలో నేనూ ఉంటాను, మా పిల్లలూ ఉంటారు. నా కోపమంతా మా కాళ్ళ ముందున్న నీళ్ళకు జరుగుతున్న అన్యాయం మీద.

ఎందుకంటే ఆ చేపలు ఆ వాగువి కావు. రాష్ట్ర మత్స్య శాఖ వాళ్ళు హ్యాచరీల్లో సిమెంటు కాలవల్లో ఏడాదిన్నర దాకా గుళికల మేత పెట్టి పెంచి, ట్యాంకర్ ట్రక్కుల్లో తెచ్చి పోసినవి. ఏటా సుమారు 32 లక్షల ట్రౌట్‌లు. సగటున ఒక్కొక్కటీ 11 అంగుళాల పొడవు, అర పౌండు పైచిలుకు బరువు. దాదాపు 700 వాగుల్లో, 130 సరస్సుల్లో వేస్తారు. అందులో ఎక్కువ భాగం రెయిన్‌బో ట్రౌట్. ఈ జాతి పుట్టిల్లు ఇక్కడికి ఖండం అవతల, పసిఫిక్ తీరం. ఇది పెన్సిల్వేనియా ఒక్కదాని కథ కాదు. న్యూయార్క్, న్యూజెర్సీ, ఒహాయో, మిసోరి, కాలిఫోర్నియా, ఇలా చాలా రాష్ట్రాల్లో వసంతం వచ్చిందంటే ట్రక్కులు కదులుతాయి. ఏ రోజు ఏ వాగులో పోస్తారో ముందే ప్రకటిస్తారు. కొంతమంది ఆ ట్రక్కు వెనకాలే వెళతారు.

నేను అడిగేది ఒక్కటే. తనంతట తాను ట్రౌట్‌ని కని పెంచుకోగల వాగులో హ్యాచరీ చేపను పొయ్యకూడదు. తక్కువ పొయ్యడం కాదు, అసలు పొయ్యకూడదు. ఆ చేపల మీద పెట్టే సొమ్ము ఆ వాగు మీద పెట్టాలి. ఈ మాటంటే ఇక్కడ వేటగాళ్ళ క్లబ్బుల్లో నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. చూడనీ.

మన వైపు చెరువుల్లో చేప పిల్లలు వెయ్యడం చూసినవాళ్ళకు ఇందులో తప్పేముందో వెంటనే అర్థం కాకపోవచ్చు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేప పిల్లలు ఇస్తోంది. బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లల్ని వానాకాలంలో నీళ్ళు నిండాక వదులుతారు. ఆ పథకం అమలు మీద ఎన్ని వాదాలున్నా అందులో ఒక సంగతి నిజం. వేసేది వేలెడంత పిల్ల. దాన్ని కిలో చేప చేసేది చెరువు. నీళ్ళ అడుగున ఉన్న నాచు, పురుగు, వాన తెచ్చిన ఒండ్రు దాన్ని పెంచుతాయి. నెలల తర్వాత వల వేసి పట్టి అమ్ముకునేది సహకార సంఘంలోని మత్స్యకారుడు. అది బతుకుతెరువు. ఇక్కడ వాగులో పోసేది పూర్తిగా ఎదిగిన చేప. వాగు దానికి ఒక్క పూట కూడా తిండి పెట్టక్కర్లేదు. శనివారం పట్టడానికి ముందు వారాల్లో పోస్తారు. పట్టగా మిగిలినవాటిలో చాలా వరకు ఎండలు ముదిరి నీళ్ళు వేడెక్కేసరికి చచ్చిపోతాయి. ట్రౌట్ చల్లనీటి చేప. నీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి ఊపిరి ఆడదు. అందుకే మళ్ళీ ఏడాది మళ్ళీ ట్రక్కు. ఇలా వందేళ్ళకు పైగా.

అసలు ఈ ట్రక్కు ఎందుకు వచ్చిందో చెప్పుకుంటే దాచిపెట్టిన పాపమంతా బయటపడుతుంది. ఈ కొండల్లో తరతరాలుగా ఉన్న ట్రౌట్ ఒక్కటే, బ్రూక్ ట్రౌట్. పెన్సిల్వేనియా రాష్ట్ర చేప అదే. రాష్ట్ర వృక్షం హెమ్లాక్. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని బతికాయి. హెమ్లాక్ నీడలో వాగు చల్లగా ఉంటే బ్రూక్ ట్రౌట్ గుడ్డు పెట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలో తోళ్ళు ఊనడానికి హెమ్లాక్ బెరడు కావలసి వచ్చింది. కొండలకు కొండలే నరికేశారు. బెరడు ఒలుచుకుని మానుల్ని అక్కడే కుళ్ళబెట్టిన చోట్లూ ఉన్నాయి. నీడ పోయింది, మట్టి కోసుకొచ్చి వాగుల్లో పడింది, నీళ్ళు వేడెక్కాయి. ఆ తర్వాత బొగ్గు గనులు. గనుల్లోంచి కారిన ఆమ్లపు నీళ్ళతో ఈ రాష్ట్రంలో వేల మైళ్ళ వాగులు తుప్పు రంగుకు తిరిగి చచ్చిపోయాయి. చేప మాయమైంది. చేప ఏదని జనం అడిగారు. అప్పుడు పాలకులు చెట్టు నాటి ఉండొచ్చు, గని నోరు మూసి ఉండొచ్చు. ఆ రెండూ కష్టం, ఆ రెండింటికీ డబ్బున్నవాళ్ళతో తగాదా పెట్టుకోవాలి. హ్యాచరీ కట్టడం తేలిక.

1871లో అమెరికా ప్రభుత్వం చేపల కమిషన్ పెట్టింది, స్పెన్సర్ బెయిర్డ్ దానికి అధిపతి. మరుసటి ఏడాది లివింగ్‌స్టన్ స్టోన్ అనే ఆయన కాలిఫోర్నియాలో మెక్‌క్లౌడ్ నది ఒడ్డున, విన్నెమెమ్ వింటూ అనే ఆదివాసుల నేల మీద, సాల్మన్ గుడ్ల కోసం కేంద్రం తెరిచాడు. కొద్ది ఏళ్ళలోనే అక్కడి నుంచి రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు రైళ్ళెక్కి దేశమంతా వెళ్ళాయి. చేపల్ని మోయడానికి ప్రత్యేకంగా రైలు పెట్టెలే కట్టారు. 1883లో జర్మనీ నుంచి ఫోన్ బేర్ అనే దొర పంపిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు న్యూయార్క్ చేరాయి. మరుసటి ఏడాది మిషిగన్‌లోని బాల్డ్విన్ నదిలో ఆ జాతి పిల్లల్ని వదిలారు. అదే కాలపు బుద్ధి మన దేశానికీ వచ్చింది. మన కోస్తా జిల్లాలు కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలోనే, నీలగిరుల్లో అవలాంచి దగ్గర 1907లో ట్రౌట్ హ్యాచరీ కట్టారు, దొరల సరదా వేట కోసం. నది అంటే తమ ఇష్టం వచ్చిన చేపను పోసుకునే తొట్టి అని నమ్మిన మనుషులు వాళ్ళు. ఆ నమ్మకానికి ఇప్పటికీ మనం ఏటా లైసెన్సు ఫీజు కడుతున్నాం.

పొయ్యకపోతే చేపలుండవంటారు. ఈ ఒక్క మాట మీదే ఆ వ్యవస్థంతా నిలబడి ఉంది. ఆ మాట అబద్ధమని తేలి యాభై ఏళ్ళు దాటింది.

మోంటానాలో మాడిసన్ అని ఒక నది. అక్కడి రాష్ట్ర జీవశాస్త్రవేత్త డిక్ విన్సెంట్ 1960ల చివర్లో ఆ నదిలో చేపల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏటా హ్యాచరీ చేపలు పోసే భాగంలో నదిలో పుట్టిన ట్రౌట్‌లు ఉండవలసినన్ని లేవు. అనుమానం వచ్చింది. ఆ భాగంలో పొయ్యడం ఆపించాడు. పక్కనే ఓడెల్ క్రీక్ అనే వాగులో అంతవరకూ పోసేవాళ్ళు కాదు. అక్కడ పోయించాడు. కొద్ది ఏళ్ళు చూశాడు. పొయ్యడం ఆపిన చోట నదిలో పుట్టిన ట్రౌట్‌లు రెండింతలు దాటి పెరిగాయి. కొత్తగా పోసిన చోట అంతవరకూ హాయిగా ఉన్నవి దాదాపు సగానికి పడిపోయాయి. ఇంతకన్నా తేటగా ప్రకృతి మనిషికి జవాబు చెప్పిన సందర్భాలు తక్కువ.

ఎందుకలా జరుగుతుందో నీళ్ళ ఒడ్డున ఓపిగ్గా కూర్చుంటే కంటికి కనబడుతుంది. వాగులో ట్రౌట్‌కి ఒక చోటుంటుంది. బండ వెనక నీళ్ళు నెమ్మదించే జానెడు జాగా. అక్కడ ఒంటికి శ్రమ లేకుండా నిలబడి, పక్క ప్రవాహంలో కొట్టుకొచ్చే పురుగును అందుకుని మళ్ళీ చోటుకొస్తుంది. పెద్దదానికి మంచి చోటు, చిన్నదానికి ఆ తర్వాతి చోటు. కొట్లాటలన్నీ ఎప్పుడో అయిపోయి, వాటి మధ్య ఒక ఒప్పందం నడుస్తుంటుంది. అందులోకి ఒక్క మధ్యాహ్నం వంద కొత్త చేపల్ని బకెట్లతో గుమ్మరిస్తారు. సిమెంటు కాలవలో ఒకదాని మీద ఒకటి పడి మేత లాక్కోవడమే తెలిసిన చేపలవి. చోటు మర్యాద తెలియదు, ప్రవాహంలో ఒళ్ళు దాచుకోవడం తెలియదు. అటూ ఇటూ దూసుకుపోతాయి, ఉన్నవాటిని తరుముతాయి. వాగు చేప తన చోటు పోగొట్టుకుని, తినడం మాని పోట్లాడి, బలం కోల్పోతుంది. వచ్చినవి ఎలాగూ బతకవు. పోతూ పోతూ ఉన్నవాటినీ తీసుకుపోతాయి.

మోంటానా రాష్ట్రం 1974లో ట్రౌట్ తనంతట తాను పుట్టే నదుల్లో హ్యాచరీ చేపలు పొయ్యడం మానేసింది. ఆ నిర్ణయానికి ముందు గాలాల దుకాణాలవాళ్ళు, పర్యాటకుల మీద బతికే ఊళ్ళవాళ్ళు నానా రభస చేశారు. మా పొట్ట కొడుతున్నారన్నారు. ఈ రోజు ప్రపంచం నలుమూలల నుంచీ ట్రౌట్ వేట కోసం మనుషులు మోంటానా వెళతారు. అక్కడ హోటళ్ళూ, గైడ్లూ, దుకాణాలూ నదిలో పుట్టిన చేప మీదే బతుకుతున్నాయి. ఇంత జరిగాక కూడా చాలా రాష్ట్రాలు పూర్తిగా నేర్చుకోలేదంటే తెలియక కాదు. నేర్చుకోవడం ఇష్టం లేక.

మోంటానా సంగతి వేరు, అక్కడ కొండల మంచు నీళ్ళుంటాయి అని ఇక్కడి పెద్దలు తప్పించుకుంటారు. సరే, మోంటానా వద్దు. పెన్సిల్వేనియా నడిబొడ్డున, స్టేట్ కాలేజ్ పక్క నుంచి పారే స్ప్రింగ్ క్రీక్ చూద్దాం. అక్కడి విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగు పిల్లలెందరో ఆ వాగు పక్క నుంచి వెళ్ళినవాళ్ళే. అక్కడొక రసాయన కర్మాగారం నుంచి కెపోన్, మైరెక్స్ అనే విషాలు ఆ వాగులో కలిశాయి. చేప తింటే ప్రమాదమని తేలింది. 1982లో ఆ వాగు చేపను ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళకూడదని నిషేధం పెట్టారు. తినడానికి పనికిరాని చేపను పోసి లాభమేముంది? హ్యాచరీ చేపలు పొయ్యడమూ ఆగిపోయింది. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా అనరు. ఆ వాగు ట్రౌట్‌లతో నిండిపోయింది. ట్రక్కు రాని, వల పడని ఆ నీళ్ళలో బ్రౌన్ ట్రౌట్‌లు తమంతట తాము గుడ్లు పెట్టి, పిల్లలై, పెద్దవై, ఈ రాష్ట్రంలోకెల్లా చేప ఎక్కువగా ఉన్న వాగుల్లో ఒకటిగా దాన్ని నిలబెట్టాయి. బ్రౌన్ ట్రౌట్ పరాయి జాతే, ఆ మాట దాచను. నేను చూపిస్తున్నది వాగుకున్న శక్తిని. విషం కలిపితే తప్ప మనం ఒక వాగుని దాని మానాన వదల్లేదు. వదిలిన మరుక్షణం అది తన పని చేసుకుపోయింది.

ఇంకో సంగతి. రాష్ట్ర మత్స్య శాఖ వారి హ్యాచరీలు మూడు, బెల్‌ఫాంట్, బెన్నర్ స్ప్రింగ్, ప్లెజెంట్ గ్యాప్, ఆ వాగు పరీవాహకంలోనే ఉన్నాయి. ఆ మూడింటిలో మేత పోసి, కరెంటు కాల్చి, జీతాలిచ్చి చేపను తయారు చేస్తుంటే, వాళ్ళ గోడ పక్కనే వాగు అదే పని పైసా తీసుకోకుండా చేస్తోంది.

ఆ బెన్నర్ స్ప్రింగ్‌లోనే 1950ల్లో ఈ దేశంలో మొదటిసారి ఒక జబ్బు బయటపడింది. ఐరోపా నుంచి వచ్చిన సూక్ష్మ పరాన్నజీవి అది. ట్రౌట్ పిల్ల లేత ఎముకను తినేస్తుంది. తోక నల్లబడుతుంది, వెన్ను వంకరపోతుంది, పిల్ల నిలువునా ఈదలేక ఒకే చోట గిరగిరా తిరిగి తిరిగి చస్తుంది. చచ్చాక దాని ఒంట్లోంచి రాలిన బీజాలు బురదలో ఏళ్ళ తరబడి బతికుంటాయి. హ్యాచరీ చేపలతో కలిసి ఆ జబ్బు పడమటికి ప్రయాణం చేసింది. కొలరాడోలో జబ్బున్న హ్యాచరీల చేపల్ని తెలిసి తెలిసీ నదుల్లో వదిలారు. 1990ల్లో మాడిసన్ నది పైభాగంలో రెయిన్‌బోలు పదింట తొమ్మిది పోయాయి. విన్సెంట్ ట్రక్కు నుంచి కాపాడిన ఆ నదే. చేపను పొయ్యడమంటే చేపను ఒక్కదాన్నే పొయ్యడం కాదు. దాని మొప్పల్లోని పేలు, దాని ఎముకలోని జబ్బు, అది వచ్చిన నీళ్ళు, అన్నీ కలిపి పొయ్యడం.

హ్యాచరీ చేపనూ, వాగు చేపనూ ఒకే వారంలో చేతిలో పట్టుకున్నవాళ్ళకు నేను ఇంత చెప్పక్కర్లేదు. వంతెన దగ్గర పట్టిన రెయిన్‌బో రెక్కలు చూడండి. సిమెంటుకు రాసుకుని, పక్క చేపలు కొరికి, అంచులు అరిగి మొద్దుబారి ఉంటాయి. వీపు మీది రెక్క కొన్నిటికి మొండిగా మిగులుతుంది. ఒంటి రంగు వెలిసిపోయి ఉంటుంది. కడుపు కోస్తే కొన్నిసార్లు గులకరాళ్ళు, పుల్ల ముక్కలు, సిగరెట్ పీకల దూది కనిపిస్తాయి. గుళిక ఆకారంలో ఏది కొట్టుకొచ్చినా అది తిండే అనుకుని మింగేసింది పాపం. దానికి వేరే ఎవరూ నేర్పలేదు. అదే రోడ్డు వదిలి, రోడోడెండ్రాన్ పొదల్లోంచి వంగి నడిచి, ఒక్క అంగలో దాటగలిగే పై వాగుకి వెళ్ళండి. అక్కడ దొరికే బ్రూక్ ట్రౌట్ అరచేయంత ఉంటుంది. వీపు మీద ముదురాకు పచ్చలో పురుగు పాకినట్టు లేత గీతలు. పక్కల ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ నీలి వలయం. పొట్ట కింది రెక్కలు నారింజ రంగు, ముందంచున నల్ల చార, దాని అంచున గీసినట్టు తెల్లటి గీత. తడి చేత్తో పట్టుకుని, ముల్లు తీసి వదిలితే చెయ్యి జారిన జాడ కూడా తెలియకుండా రాయి కిందికి పోతుంది. మంచు యుగం వెనక్కి తగ్గినప్పటి నుంచీ ఈ కొండల్ని ఆ చేప వదల్లేదు. దాని వాగు కింది భాగంలో ఏటా ట్రక్కు ఆగుతోంది. ఆ ట్రక్కులో బ్రౌన్ ట్రౌట్ ఉంటే అది ఎదురెక్కి, బ్రూక్ ట్రౌట్‌ను మంచి చోట్ల నుంచి తరిమి, దొరికిన పిల్లల్ని మింగి, ఏళ్ళు గడిచేసరికి ఆ చోటంతా తనదే చేసుకుంటుంది. ఇప్పుడు చాలా వాగుల్లో బ్రూక్ ట్రౌట్ మిగిలింది ఊట దగ్గరి చివరి మైలులోనే.

గోదావరి జిల్లాలవాళ్ళకు ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన పని లేదు. సముద్రంలో ఇలసగా ఉన్నది ఎర్రనీటికి ఎదురీది ధవళేశ్వరం దాకా వస్తేనే పులస. ఆ రుచి ఏరు పెట్టిన రుచి. చెరువులో పెంచి తెచ్చి గోదావరిలో గుమ్మరించి ఇదిగో పులస అంటే మన ఊళ్ళో ఎవడైనా ఊరుకుంటాడా?

ఇక్కడ మాత్రం ఊరుకోవడమే కాదు, ఒక్కోసారి పరాయి చేపకు చోటు చెయ్యడానికి సొంత చేపను చంపారు. 1962 సెప్టెంబరులో వ్యోమింగ్, యూటా రాష్ట్రాల మీదుగా పారే గ్రీన్ నదిలో ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట గేట్లు మూసే ముందు, ఉపనదులతో కలిపి వందల మైళ్ళ పొడవునా రోటినోన్ అనే విషం కలిపారు. ఎందుకు? రాబోయే జలాశయంలో రెయిన్‌బో ట్రౌట్ వేట బాగా సాగడానికి అడ్డొచ్చే 'పనికిమాలిన చేపల్ని' తుడిచెయ్యడానికి. ఆ పనికిమాలినవాటిలో ప్రపంచంలో మరే నదీ వ్యవస్థలోనూ లేని చేపలున్నాయి. రాబర్ట్ రష్ మిల్లర్, కార్ల్ హబ్స్ వంటి శాస్త్రవేత్తలు వద్దని మొత్తుకున్నారు. వినలేదు. విషం అనుకున్న చోట ఆగక డైనోసార్ జాతీయ స్మారక వనం దాకా పోయింది. ఆ నదిలోని బోనీటెయిల్, హంప్‌బ్యాక్ చబ్ వంటి జాతుల్ని తర్వాత ఇదే ప్రభుత్వం ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో పెట్టి, కోట్లు పోసి బతికించే పని పెట్టుకుంది.

కాలిఫోర్నియా సియెర్రా నెవాడా కొండల మీది సరస్సుల్లో అసలు చేపలే ఉండేవి కావు. విమానాల్లోంచి ట్రౌట్ పిల్లల్ని కుమ్మరించారు. ఆ సరస్సులు పసుపు కాళ్ళ కొండ కప్పలవి. తోకకప్పల్ని ట్రౌట్ తినేసింది. తర్వాత వచ్చిన బూజు తెగులు మిగిలిన పని పూర్తిచేసింది. ఒకప్పుడున్న చోట్లలో పదింట తొమ్మిదికి పైగా ఇప్పుడా కప్ప లేదు. అయితే రోలండ్ నాప్ అనే శాస్త్రవేత్తా ఆయనతో పనిచేసినవాళ్ళూ కొన్ని సరస్సుల నుంచి వలలతో ట్రౌట్‌ని తీసేస్తే, కప్పలు తిరిగొచ్చాయి. ఇది ఎంత పెద్ద మాటో గ్రహించాలి. చేసిన తప్పు దిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది.

ఈ చేపల మేత గురించి ఎవరూ అడగరు. ట్రౌట్ మాంసాహారి. దాని గుళికల్లో సోయాతో పాటు సముద్రపు చిన్న చేపల పిండి, నూనె ఉంటాయి. అట్లాంటిక్ తీరాన మెన్‌హేడెన్ అనే చేపను ఓడలతో తోడి పిండి కొట్టేది ఇలాంటి మేతల కోసమే. సముద్రంలో తిమింగలాలకూ, కొంగలకూ, పెద్ద చేపలకూ తిండి కావలసినదాన్ని పట్టి, పిండి చేసి, కొండల్లో సిమెంటు కాలవలో మరో చేపకు పెట్టి, దాన్ని ట్రక్కులో తెచ్చి, శనివారం పొద్దున సరదాకు వాగులో పొయ్యడం! దీనికి ప్రకృతి సంరక్షణ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వింటే నా ఒళ్ళు మండుతుంది.

ఇక వాళ్ళ వాదనలు. అన్నిటికన్నా గట్టిది డబ్బు. చేపలు పొయ్యకపోతే లైసెన్సులు అమ్ముడుపోవు, లైసెన్సు డబ్బు లేకపోతే శాఖే నడవదు, వాగుల్ని కాపాడేవాళ్ళే ఉండరు అంటారు. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలాలూ కర్రల మీద వేసే పన్ను రాష్ట్రాలకు పంచేటప్పుడు లైసెన్సుల సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది, అదీ నిజమే. కానీ ఈ వాదన లోపలికి తొంగి చూడండి. చేపలు పొయ్యడానికి లైసెన్సులు అమ్మాలి, లైసెన్సులు అమ్మడానికి చేపలు పొయ్యాలి. ఈ చక్రంలో వాగు ఎక్కడుంది? వేటగాడు కట్టే సొమ్ములో పెద్ద వాటా మేతకూ, హ్యాచరీ మరమ్మతులకూ, డీజిలుకూ పోతుంటే చెట్టు నాటడానికి మిగిలేదెంత?

పిల్లల మాట ఎత్తుతారు. పిల్లాడికి మొదటి గాలానికే చేప పడకపోతే మళ్ళీ రాడంటారు. పిల్లలకు అబద్ధపు నది చూపించి నదిని ప్రేమించమనడం నాకు నచ్చదు. అయినా ఇక్కడ నేను ఒక మెట్టు దిగుతాను. నగరాల పార్కుల్లో మనిషి తవ్విన కొలనులున్నాయి. ట్రౌట్ ఏనాడూ గుడ్డు పెట్టలేని, ఏ వాగుతోనూ కలవని నీళ్ళవి. వాటిలో సంతానం కలగని ట్రౌట్‌లు పోసి, పిల్లలకూ, ముసలివాళ్ళకూ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకూ గాలం వేసే సంతోషం ఇవ్వండి. పట్టింది ఇంటికి తీసుకెళ్ళి వండుకునే పేదలూ ఉన్నారు, వాళ్ళకు ఆ చేప అక్కడే అందాలి, బస్సు దిగి నడిచే దూరంలో. దానికి నేను అడ్డురాను, చందా కూడా ఇస్తాను. బతికున్న వాగు జోలికి మాత్రం రావద్దు.

ఆ సొమ్ముతో ఏం చెయ్యొచ్చో కళ్ళముందే ఉంది. ఉత్తర పెన్సిల్వేనియాలో పైన్ క్రీక్‌లో కలిసే బాబ్ క్రీక్ గని నీళ్ళతో పూర్తిగా చచ్చిన వాగు. 1990ల నుంచి స్థానికులు పూనుకుని, సున్నపురాయితో ఆ ఆమ్లాన్ని విరిచే ఏర్పాట్లు ఒక్కొక్కటిగా కట్టించారు. చేప తిరిగొచ్చింది. ఇలా బాగు చెయ్యాల్సిన వాగులు ఇంకా వేల మైళ్ళున్నాయి. రోడ్ల కింద వేసిన తూములు చాలా చోట్ల నీటి మట్టానికి పైన వేలాడుతూ, గుడ్లు పెట్టడానికి ఎగువకు పోయే చేపకు గోడల్లా అడ్డున్నాయి. వాటిని తీసి వెడల్పాటివి వెయ్యొచ్చు. ఎవరికీ పనికిరాని పాత మిల్లు ఆనకట్టల్ని పగలగొట్టొచ్చు. పశువుల మేత బీళ్ళలో వాగు గట్టుకు కంచె వేసి చెట్లు పెంచొచ్చు. హెమ్లాక్‌ని ఇప్పుడు ఆసియా నుంచి వచ్చిన, పేనుబంక లాంటి ఒక పురుగు పీల్చి చంపుతోంది, వాగుల మీద మిగిలిన నీడ కూడా పోతోంది. ఆ చెట్లను కాపాడే పనికి మనుషులు కావాలి, మందు కావాలి. ఎండలు ఏటేటా పెరుగుతున్న ఈ కాలంలో బ్రూక్ ట్రౌట్‌కు నీడ కన్నా పెద్ద వరం లేదు.

ఇది కల కాదు. అరిజోనాలో అపాచీ ట్రౌట్ అంతరించే దాకా వచ్చింది, ముఖ్యంగా మనుషులు తెచ్చిపోసిన బ్రౌన్, బ్రూక్, రెయిన్‌బోల వల్ల. (తూర్పున బాధితురాలైన బ్రూక్ ట్రౌట్‌ను పడమటికి తీసుకెళ్ళి పోస్తే అక్కడ హంతకురాలైంది. చేప తప్పు కాదు.) వైట్ మౌంటెన్ అపాచీ ప్రజలు 1950ల్లోనే తమ నేల మీది వాగుల్లో వేట మూసేశారు. తర్వాత దశాబ్దాల తరబడి పరాయి చేపల్ని ఏరి, అవి మళ్ళీ ఎగువకు రాకుండా అడ్డుకట్టలు వేశారు. 2024 సెప్టెంబరులో ఆ చేపను ప్రమాదపు జాబితా నుంచి తీసేశారు. మనుషులు సరదాకు వేటాడే చేపల్లో అలా బయటపడ్డది అదే మొదటిది.

ఇక్కడి తెలుగువాళ్ళకు ఒక మాట. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో మనవాళ్ళు వేలల్లో ఉన్నారు, ఏప్రిల్ వస్తే పిల్లలతో గాలాలు పట్టుకుని వాగుల దగ్గర కనబడుతున్నారు. చాలా సంతోషం. లైసెన్సు కొన్నవాళ్ళం మనం, ట్రౌట్ పర్మిట్‌కి విడిగా కట్టినవాళ్ళం మనం. ఆ శాఖ నడిచేది మన డబ్బుతో. అది నిర్ణయాలు తీసుకునే సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి. కొత్త నిబంధన పెట్టే ముందు ప్రజల అభిప్రాయం రాతపూర్వకంగా అడుగుతారు. అక్కడికి వెళ్ళేది ఎప్పుడూ చేపలు ఎక్కువ పొయ్యమనే క్లబ్బులవాళ్ళే. మనం కూడా వెళ్ళాలి, రాయాలి. మీ ఇంటికి దగ్గర్లోని వాగు పేరు రాసి, అందులో ట్రౌట్ తనంతట తాను పుడుతున్నట్టు మీ శాఖ సర్వేలోనే ఉంటే ఇంకా ఎందుకు పోస్తున్నారని అడగండి. ఆ సర్వేలు దాచినవేమీ కావు, వాగు వాగుకీ ప్రకటించినవే.

నా కోరిక ఇది. వచ్చే సీజన్ జాబితా తయారయ్యేలోపు, బ్రూక్ ట్రౌట్ పుడుతున్న ప్రతి వాగునూ ఆ జాబితా నుంచి కొట్టెయ్యండి. మొదట అవి. ఆ తర్వాతి సీజన్‌కు బ్రౌన్ ట్రౌట్ తనంతట తాను నిలదొక్కుకున్నవి. ఆపిన ప్రతి వాగులోనూ మోంటానాలో చేసినట్టే ఏటా చేపల్ని లెక్కపెట్టి ఆ లెక్క బయటపెట్టండి. ఐదేళ్ళు చూసి చేప తగ్గిందని తేలితే, మళ్ళీ ట్రక్కు తెచ్చుకోండి. నేనే బకెట్ పట్టుకుని వస్తాను.